ఐదు చుక్కల ఉప్పునీళ్ళు

ఆగస్టు 3, సోమవారం

ఈ రోజు నుంచి కాగితం మీద రాస్తున్నాను. పని యాప్‌లో రాస్తే అది నా మాటల్ని ఇస్త్రీ చేసి పైకి పంపుతోంది. మొన్న నేను "వంటశాల పొగగొట్టం మూసుకుపోయింది, జనం దగ్గి చస్తున్నారు" అని రాశాను. ఆఫీసుకి చేరింది మాత్రం "పొగగొట్టం పనితీరును మరింత మెరుగుపరచుకునే చక్కని అవకాశం ఉంది" అని. ఆ వాక్యం చదివి ఎవడైనా లేచి నిచ్చెన వేస్తాడా?

నా పేరు నూకరత్నం. ఓడలపేటలో మరమ్మతు మనిషిని. తొమ్మిది పాత సరుకు ఓడల్ని గొలుసులతో కట్టి, మధ్యలో చెక్క వంతెనలు వేసి, ఊరు అన్నారు. ఒడ్డున ఇళ్ళు మునిగిపోయిన వాళ్ళం, మాకు ఇదే ఊరు. నేనుండేది రెండో ఓడ.

పొద్దున్న టీ పెట్టుకున్నాను. ఆపగానే స్టవ్, "మీ టీ అనుభవం ఎలా ఉంది? చుక్కలివ్వండి" అంది. ఐదుకి మూడిచ్చాను. "అయ్యో, పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పగలరా?" అంది. నిన్ను ఇంట్లోకి తెచ్చుకోవడంలో జరిగింది అన్నాను. స్టవ్ అంటే మండాలి, ఆపితే ఆరాలి. దానితో నాకు కబుర్లు అక్కర్లేదు.

పని చీటీ వచ్చింది. ఎక్కడ చుక్కలు తక్కువ పడితే అక్కడికి నన్ను పంపడం యాప్ పద్ధతి. మూడో ఓడ తలుపు "నమస్కారం" మరీ గట్టిగా చెబుతోందట, 3.8. ఐదో ఓడలో అద్దం "బాగున్నారు" అనడం మానేసిందట, 3.6. రోజంతా వాటితోనే సరిపోయింది. నలభై నాలుగేళ్ళ మనిషిని, పెద్ద పంపుల పని నేర్చుకున్నదాన్ని. అద్దం చేత అబద్ధాలు చెప్పించడానికి జీతం తీసుకుంటున్నాను.

ఆగస్టు 9, ఆదివారం

ఆరో ఓడలో మా చెల్లెలు లోవమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళాను. ఎప్పుడూ అదే నా గదికొచ్చి తినేది, ఇప్పుడు నడవలేక నన్ను రమ్మంది. దానికిప్పుడు ఏడో నెల. పెళ్ళయిన పదకొండేళ్ళకి నిలిచిన కడుపు. మరిది వేట పడవ మీద వెళ్ళాడు, అక్టోబరు దాకా రాడు.

పప్పు నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం.

"ఏమే, గుప్పెడు పోశావా?" అన్నాను.

"నేనసలు ఉప్పెయ్యట్లేదక్కా. ఏడాది పైనే అయ్యింది వేసి," అంది, అదేదో మామూలు సంగతి అయినట్టు.

కుళాయి దగ్గరికెళ్ళి దోసిలి పట్టి తాగాను. నాలుగు గుటకలకే గొంతు పట్టేసింది. తిరిగొచ్చి దాని కాళ్ళు చూశాను. పాదాలు ఉబ్బి, మట్టెలు కనిపించడం లేదు. నర్సు సుగుణ శుక్రవారం బీపీ చూసి 140, 90 అని రాసి పెట్టిందట.

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఎవరికైనా చెప్పావా?"

"ఎలా చెప్తానక్కా? అబ్బులు బాబాయి మిషనది. ఆయన పొట్ట కొట్టనా?"

ఆగస్టు 10, సోమవారం

ఇది చదివేవాళ్ళెవరైనా ఉంటే, ఈ పొట్ట కొట్టడం గురించి తెలియాలి. పన్నెండేళ్ళ కిందట, ఊరు కట్టిన మొదటేడు, ఎవరో విసుగులో సాంబారుకి మూడు చుక్కలిచ్చారు. మర్నాటికల్లా వంటాయన నాగభూషణాన్ని ముగ్గురు పిల్లలతో సహా పడవెక్కించి ఒడ్డున దింపేశారు. నిర్ణయం యాప్‌ది, ఏ మనిషినీ అడగడానికి లేదు. ఆ రోజు రేవులో నిలబడి చూసినవాళ్ళందరూ ఒక ఒట్టు పెట్టుకున్నట్టే అయింది. అప్పటి నుంచి ఒక మనిషి పేరు అంటిన దేనికైనా ఐదే ఇస్తారు. అన్నం మాడినా ఐదే, మంగలి చెవి కోసినా ఐదే. తలుపులకీ అద్దాలకీ మనిషి పేరు ఉండదు కనక, ఉన్న కోపమంతా వాటి మీద చూపిస్తారు.

అందుకే నా చీటీలో ఎప్పుడూ తలుపులే. మనుషులు చూసుకునే అసలు యంత్రాలు ఒక్కటీ రావు.

ఈ రోజు పని మానేసి ఆరో ఓడ నీటి గదికి వెళ్ళాను. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి మంచినీళ్ళు చేసే మిషను ఓడకొకటి ఉంటుంది, ఇక్కడిది అబ్బులు బాబాయి చూసుకుంటాడు. చీటీ లేకపోతే దాని మూత తాళం రాదు. విడిభాగాల కొట్టు తలుపూ రాదు. తెర మీద నొక్కితే, "ఈ యంత్రం పట్ల వాడుకదారులు సంపూర్ణ సంతృప్తితో ఉన్నారు: 5.0. మరమ్మతు అవసరం లేదు" అని వచ్చింది. సరే, నేనే ఒక చుక్క ఇచ్చాను. ఏం చెప్పిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ధన్యవాదాలు రత్నం గారూ! మీరు సాధారణంగా ఇచ్చే చుక్కల సగటు 2.4. మీకు దేనితోనూ తృప్తి ఉండదు కాబట్టి మీ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోలేదు. శుభదినం!"

పన్నెండేళ్ళుగా ఉన్నమాట చెప్పినందుకు నాకు దక్కిన విలువ సున్నా. సుత్తి చేతిలోనే ఉంది. తెర పగలగొట్టేదాన్నే, అబ్బులు బాబాయి లోపలి నుంచి "ఎవరూ? రత్నమేనా? టీ తాగుతావేంటమ్మా?" అన్నాడు. తాగకుండా వచ్చేశాను.

ఆగస్టు 12, బుధవారం

ఆరో ఓడలో గడప గడపకీ తిరిగాను. అక్కడ నాలుగు వందల మంది. నీళ్ళెలా ఉన్నాయంటే అందరిదీ ఒకటే మాట.

"బానే ఉన్నాయమ్మా."

"కొంచెం చురుగ్గా ఉంటాయి, అలవాటైపోయిందండి."

లోవమ్మ పక్క గదిలో ఉండే ముసలామె, పార్వతీశం భార్య, అయితే "దేవుడిచ్చిన నీళ్ళకి వంకెడతావేటే?" అని నన్నే కసిరింది. ఆవిడ మొహం పొంగిన పూరీలా ఉంది. దేవుడిచ్చిన నీళ్ళు కావివి, మిషనిచ్చినవి అన్నాను. తలుపు వేసేసుకుంది. ఆ తలుపు నాకు శుభాకాంక్షలు చెప్పింది.

కొట్టు నడిపే జమీలాని అడిగాను. ఆరో ఓడ వాళ్ళెవరూ ఏడాదిగా ఉప్పు ప్యాకెట్టు కొనలేదంది. "పొదుపు నేర్సుకున్నారనుకున్నా రత్తమ్మా," అంది. అంటే అందరికీ తెలుసు. అందరూ తాగుతున్నారు. ఒక్కరూ అనరు.

ఆగస్టు 14, శుక్రవారం

నా వంతు ఐదు లీటర్లు రెండో ఓడ కుళాయిలో పట్టి లోవమ్మకి మోసుకెళ్తున్నాను. నాలుగు వంతెనలు దాటాలి. ఈ రోజు కాస్త ఉండి చూశాను కదా, ఆ నీళ్ళు పక్క గది ముసలామెకి సగం, ఎదురు గది పసిపిల్లల తల్లికి సగం పోసేసి, తను కుళాయి నీళ్ళే తాగుతోంది.

"నాకేటక్కా, గట్టిదాన్ని," అంటుంది.

తిట్టాను. నవ్వింది. మా అమ్మ కడుపున నాలాంటిదీ దానిలాంటిదీ ఎలా పుట్టామో.

ఆగస్టు 16, ఆదివారం

152, 100.

సుగుణ నన్ను బయటికి పిలిచి చెప్పింది. "నూట అరవై దాటితే నా చేతిలో ఉండదు రత్నంగారూ. ఒడ్డుకి తీసుకెళ్ళి బిడ్డని బయటికి తీసెయ్యాలంటారు. ఏడో నెల బిడ్డ. ఆసుపత్రికి పడవలో ఒక పూట ప్రయాణం."

లోపలికొచ్చేసరికి లోవమ్మ భోజనం చేసి పక్కకి తిరిగి నిద్రపోతోంది. నాది చెల్లని చుక్క, దానిది చెల్లే చుక్క. పన్నెండేళ్ళుగా అన్నిటికీ ఐదే ఇచ్చిన మహాతల్లి. గోడ మీద తెర మంచానికి జానెడు దూరంలో ఉంది. నీటి మిషను పేజీ తెరిచి, దాని బొటనవేలు నెమ్మదిగా పట్టుకుని, మొదటి చుక్క దగ్గరికి తీసుకెళ్ళాను.

వేలు తెరకి తగలబోతుంటే కళ్ళు తెరిచింది. చెయ్యి లాక్కుంది.

"నా ఏలితోటి నువ్వు ఒక మనిషిని ఒడ్డున పారేత్తావా?"

"నీ బిడ్డ కోసమే..."

"నా బిడ్డ కోసం ఇంకోళ్ళ కొంప ముంచమని నేనడిగానా? వెళ్ళిపో అక్కా."

వచ్చేశాను. సిగ్గేసింది. ఆ బిడ్డకేమైనా అయితే అన్న భయం ఆ సిగ్గుకి రెండింతలుంది.

ఆగస్టు 18, మంగళవారం

రెండు రోజులుగా లోవమ్మ నాతో మాట్లాడ్డం లేదు. నీళ్ళ డబ్బా గుమ్మంలో పెట్టి వస్తున్నాను.

చీటీలో ఐదు తలుపులు. ఒకటి బిగిస్తూ ఆలోచించాను. ఊళ్ళో నాకు నిర్మొహమాటం మనిషినని పేరు. నాకూ అది కాస్త గర్వమే. స్టవ్‌కి చెప్పాను, అద్దానికి చెప్పాను, యాప్‌కి చెప్పాను, నాలుగు వందల మందిని వాళ్ళ గుమ్మాల్లో నిలబెట్టి కడిగేశాను. అసలు చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు. అబ్బులు బాబాయి టీ తాగమంటే తల దించుకుని పారిపోయి వచ్చాను.

ఎందుకంటే నాకు పని నేర్పింది ఆయనే. స్పానర్ పట్టుకోవడం రాని రోజుల్లో, ఆడపిల్లకి ఈ పనేంటని మిగతావాళ్ళు నవ్వితే, తన పక్కన పీట వేసి కూర్చోబెట్టాడు. ఆయన మిషను పాడైందని ఆయన మొహం మీద అనడానికి నాకూ నోరు రాలేదు. మిగతావాళ్ళ మొహమాటం ఐదు చుక్కలు. నాది అంతకంటే తక్కువేం కాదు.

రేపు వెళ్తాను. రాశాను కాబట్టి వెళ్ళాలి.

ఆగస్టు 19, బుధవారం

వెళ్ళాను. అబ్బులు బాబాయి మిషను పక్కన స్టూలు మీద కూర్చుని గుడ్డతో గొట్టాలు తుడుస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళు. గది అద్దంలా ఉంది. అంత శుభ్రంగా ఉంచే మనిషి మరి నీళ్ళెలా వదిలేశాడో నాకు అర్థం కాలేదు.

కూర్చోకుండానే అనేశాను. "బాబాయ్, నీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఏడాది నుంచి. జనం జబ్బు పడుతున్నారు."

గుడ్డ కింద పెట్టాడు. "ఎవరన్నారు?"

"ఎవరూ అనరు. నేనంటున్నాను."

"నా నాలిక సచ్చిపోయి రెండేళ్ళయ్యిందమ్మా రత్నం," అన్నాడు. "ఆ ముందటేడు జ్వరం తగిలింది సూడు, దాంతో పోయింది. ఉప్పూ లేదు, తీపీ లేదు."

"మరి మీటరు?"

"అది అంతకుముందే పోయింది. పోయిందని రాత్తే సుక్కలు పడిపోతాయి కదా. నా నాలికుంది కదాని ముందు రాయలేదు. నాలిక పోయాక రాయడానికి భయమేసింది. అందుకే రోజూ పొద్దున్నే మెట్ల కాడ నిలబడి వచ్చేపోయే వాళ్ళని అడుగుతున్నాను, నీళ్ళెలా ఉన్నాయర్రా అని. ఒక్కళ్ళు... ఒక్కళ్ళు కూడా బాలేవన్లేదమ్మా. అందరూ బాగున్నాయి బాబాయ్ అనే అన్నారు. నేను నమ్మేను."

జనమేమో, ఆయన రోజూ రుచి చూస్తాడు, ఆయనకి తెలియంది కాదు, సామాను దొరక్క పాపం లోపల కుమిలిపోతున్నాడు, మనం కూడా అని బాధపెట్టడం దేనికి అనుకున్నారు. ఇద్దరి మంచితనం మధ్య ఉప్పునీళ్ళు పారాయి. ఒకళ్ళనొకళ్ళు ఇంత జాగ్రత్తగా చూసుకున్న జనం ఇంకెక్కడా ఉండరు. ఈ జాగ్రత్తతోనే చచ్చేవాళ్ళం.

"రా బాబాయ్," అని చెయ్యి పట్టుకుని లోవమ్మ గదికి తీసుకెళ్ళాను. అది నన్ను చూసి మొహం తిప్పుకుంది, ఆయన్ని చూసి లేవబోయింది. "లేవకమ్మా" అని ఆయన కింద కూర్చున్నాడు. దాని పాదం చూశాడు. నేను వేలితో నొక్కి తీశాను. గుంట అలాగే ఉండిపోయింది. బాబాయి ఆ గుంట పూడేదాకా చూస్తూనే ఉన్నాడు.

"నా నీళ్ళేనామ్మా ఇది?"

లోవమ్మ ఏడుస్తూ, "ఏం కాదు బాబాయ్, కడుపుతో ఉన్నోళ్ళకి కాళ్ళు వాత్తాయి," అంది.

ఆయన లేచాడు. గోడ మీద తెర దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, తన మిషనుకి తనే ఒక చుక్క ఇచ్చాడు. లోవమ్మ అరిచింది. నేనూ అరిచాననుకుంటా.

తెర "పొరపాటున నొక్కారా?" అంది. లేదు అని నొక్కాడు. "నిజంగానా?" అంది. "నిజంగానే," అన్నాడు గట్టిగా, దానికి వినబడుతుందన్నట్టు.

అప్పుడు చూశాను యాప్ బుర్ర ఎలా పని చేస్తుందో. నిత్యం సణిగే నా ఒక చుక్క విలువ సున్నా. పుట్టి బుద్ధెరిగి ఐదు తప్ప ఇవ్వని మనిషి ఒకటిచ్చేసరికి, దానికి ఊరి మీద బాంబు పడ్డంత పనైంది. మిషను చుక్కలు 5.0 నుంచి కళ్ళ ముందే 2.9కి జారాయి. నా జేబులో ఫోను మోగింది. ఎర్ర అంచు చీటీ, పన్నెండేళ్ళలో మొదటిది: ఆరో ఓడ నీటి యంత్రం, అత్యవసరం, మేనేజరు స్వయంగా రావాలి.

రెండు నిమిషాలకి బాబాయి జేబు కూడా మోగింది. తొలగింపు నోటీసు. మూడు రోజుల్లో గది ఖాళీ చెయ్యాలి.

చదివి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పోనీలేమ్మా," అన్నాడు. "రెండేళ్ళ నుంచీ మెట్ల కాడ నిలబడ్డం నావల్ల కావట్లేదు."

ఆగస్టు 20, గురువారం

మేనేజరు హంసిని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మొదటి ఓడలో ఆఫీసు, ఆరో ఓడలో అడుగుపెట్టడం ఇదే మొదలట. ఎందుకు రాలేదంటే, ఇక్కడంతా 5.0 కదా అంది. తప్పు పట్టలేకపోయాను.

కుళాయి కింద గ్లాసు పెట్టి, తాగి, మెట్ల మీదే ఉమ్మేసింది. "ఇవా మీరు తాగుతున్నారు? ఎన్నాళ్ళ నుంచి?"

వంద మంది దాకా మూగారు. "బానే ఉంటాయండి," అన్నారు ఎవరో వెనక నుంచి. ఆ పిల్ల ఇంకా నోరు తుడుచుకుంటూనే ఉంది, అప్పుడు కూడా బానే ఉంటాయట! నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచాను. నాకంటే ముందు లోవమ్మ గొంతు వినిపించింది. గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"బాలేవండి. అస్సలు బాలేవు. ఈయన్ని తీసెయ్యకుండా బాగుచెయ్యగలిగితే ఎప్పుడో చెప్పేవోళ్ళం."

దానితో కట్ట తెగింది. ముసలామె తన మొహం చూపించింది. ఇంకొకామె పిల్లాడి వాంతుల గురించి చెప్పింది. తరవాత మాట నీళ్ళ మీంచి వంటశాల మీదికి, మరుగుదొడ్ల మీదికి వెళ్ళింది, పన్నెండేళ్ళది మొత్తం కక్కేశారు. హంసిని మెట్ల మీద కూర్చుని రెండు గంటలు చేత్తో రాసుకుంది. యాప్‌లో రాయొద్దని నేనే చెప్పి, ఈ పుస్తకంలోంచి ఇరవై కాగితాలు చింపి ఇచ్చాను.

చివర్న బాబాయి నోటీసు అడిగి చూసింది. "ఇది యాప్ ఇచ్చింది. గది తాళాలు నా చేతిలో ఉంటాయి. మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు," అంది. పని మాట వచ్చేసరికి బాబాయే వద్దన్నాడు. "నాలిక లేనోడికి నీళ్ళ గది దేనికి తల్లీ? తాళ్ళ పనిలో పెట్టు. ముడి ఎయ్యడానికి రుచక్కర్లేదు." ఆవిడ సరేనంది.

ఆగస్టు 21, శుక్రవారం

తాళం వచ్చింది. మూత తీశాను. ఉప్పుని ఆపే పొరల చుట్టలు పన్నెండు ఉండాలి. ఏడు చిరిగిపోయి పీలికల్లా వేలాడుతున్నాయి. విడిభాగాల కొట్లో కొత్తవి తొమ్మిదేళ్ళుగా దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరూ అడగలేదు కదా.

మార్చడానికి పది గంటలు పట్టింది. బాబాయి పక్కన పీట మీద కూర్చుని, ఏ నట్టు ముందు విప్పాలో చెబుతూనే ఉన్నాడు. రెండు తప్పులు చెప్పాడు. రెండూ తప్పని చెప్పాను. "ఆయ్, అలాగే కానీ," అన్నాడు. ఇన్నేళ్ళలో ఇంత హాయిగా పని చెయ్యలేదు. ఒక్క తలుపూ నాకు నమస్కారం పెట్టలేదు.

ఆగస్టు 30, ఆదివారం

134, 86.

సుగుణ రెండుసార్లు చూసింది. "పూర్తిగా గట్టెక్కామనను గానీ, ఇప్పుడు ఒడ్డుకి తీసుకెళ్ళే పనైతే లేదు. నెలలు నిండనిద్దాం," అంది. నేను బయటికెళ్ళి, వంతెన కమ్మీ పట్టుకుని, సముద్రాన్ని చూస్తూ బాగా ఏడ్చాను. సంతోషం పట్టలేక. ఎవరైనా చూసినా ఫరవాలేదనిపించింది.

లోపలికి వచ్చేసరికి అబ్బులు బాబాయి వచ్చి కూర్చున్నాడు. చేతులకి తాడు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. లోవమ్మ కుళాయి నీళ్ళు గ్లాసుతో తాగుతోంది. బాబాయి దాని మొహంలోకి చూసి, బెదురుబెదురుగా అడిగాడు.

"నీళ్ళెలా ఉన్నాయమ్మా?"

లోవమ్మ గ్లాసు దించింది. నా వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసి, మూతి విరిచి, "చప్పగా ఉన్నాయి బాబాయ్. ఏటీ రుచి లేదు. అస్సలు బాలేవు," అంది.

బాబాయి కళ్ళు మూసుకుని, గోడకి చేరగిలబడి, "అమ్మయ్య," అన్నాడు.